కిటికీ లేని గోడకు వెదురు తెర

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకనే. తాండూరు స్టేషన్ క్యాబిన్‌లో సిగ్నళ్ళు వాల్చే, పట్టాలు మార్చే లీవర్లు లాగే ఉద్యోగం నాది. ఏళ్ళ తరబడి రాత్రి డ్యూటీ చేశాను. పట్టాల పక్కన దయ్యం తిరిగేదే అయితే అందరికంటే ముందు నాకే కనిపించాలి. ఒక్కటీ కనిపించలేదు. అందుకే ఇది రాయడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. కానీ బాలమ్మ పనితనం గురించి చెప్పాలంటే ఇది చెప్పక తప్పదు.

యాభైల చివర్లో ఒక ఎండాకాలం. రాత్రి డ్యూటీ చేసేవాడు పగలు పడుకోవాలి. మేము అద్దెకున్న గదికి గోడలూ బండలే, పైకప్పూ బండలే. మధ్యాహ్నానికి పెనంలా కాలేది. దానికి తోడు పడమటి కిటికీలోంచి ఎండ నేరుగా మంచం మీదికి వచ్చేది. పది రోజులు నిద్రలేక, ఒక తెల్లవారుజామున లీవరు పట్టుకునే కునుకు తీశాను. గూడ్సు బండి సిగ్నల్ దగ్గర ఆగి కూత మీద కూత వేస్తేగాని మెలకువ రాలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ స్టేషన్ మాస్టరు పిలిచి, ఇంకొక్కసారి ఇలా జరిగితే ఉద్యోగం ఉండదని చెప్పారు. నా భయం ఉద్యోగం ఒక్కదాని గురించే కాదు. నిద్రమత్తులో తప్పు లీవరు లాగితే? వచ్చేది జనంతో నిండిన ప్యాసింజరు అయితే? ఆ ఆలోచనతో ఉన్న కాస్త నిద్ర కూడా పోయింది.

నా భార్య లక్ష్మి కిటికీకి ఏమేమి కట్టొచ్చో అన్నీ కట్టి చూసింది. పాత చీర కడితే వెలుతురు ఆగలేదు. తడిపిన గోనెపట్టా కడితే చీకటి అయింది గాని గాలి ఆగిపోయింది, పైగా ముక్కు పగిలే వాసన. వట్టివేళ్ళ తడక మంచిదే, కానీ గంటకోసారి నీళ్ళు చల్లాలి. ఆ వేసవిలో మా బావిలో తాగడానికే నీళ్ళు లేవు. చివరికి వికారాబాదు నుంచి రైల్లో బుట్టలు, చేటలు తెచ్చి అమ్మే ముసలామె బాలమ్మను ఇంటికి పిలుచుకొచ్చింది. వెదురు తెరలు అల్లడంలో ఆమె చేయి గొప్పదని బజారంతా అనేవారు.

ఆమె కిటికీ కొలత తీసుకోలేదు. మంచం వైపు చూసి, "జరసేపు పండుకుంట కొడుకా, పొద్దు దిగేదాకా నన్ను లేపకుండ్రి," అంది.

నాకు ఒళ్ళు మండింది. తెర అల్లమంటే నా మంచం ఎక్కి కూర్చుంది! లక్ష్మి నన్ను బయటికి లాక్కుపోయింది. తలుపు సందులోంచి చూస్తూనే ఉన్నాను. నిద్రపోలేదు ఆమె. కళ్ళు మూసుకుని కాసేపు ఒక గోడవైపు, కాసేపు ఇంకో గోడవైపు తిరిగి పడుకుంటోంది. ఏ ఇంట్లో తెర కట్టాలన్నా ఆమె ఇంతేనట. పడుకునేవాడి కంటికి ఏది తగులుతుందో తన కంటితో తెలుసుకోనిదే వెదురు చీల్చదు. పొద్దుగూకుతుంటే లేచి, జానలతో కిటికీ కొలిచింది. తర్వాత తూర్పు గోడ దగ్గరికి పోయి దాన్ని కూడా కొలిచింది. ఆ గోడకు కిటికీ లేదు.

వారం తిరిగేసరికి రెండు తెరలు తెచ్చింది. సన్నటి పుల్లలు, ఎక్కడా గరుకు లేదు. గాలి వస్తుంది, వెలుతురు రాదు. బయటివైపు నీలిమందు అద్దిన పలచటి ముదురు నీలం గుడ్డను పుల్లలకు దగ్గరగా కుట్టింది.

"ఒక్కటే కిటికీ గదా అవ్వా?" అన్నాను.

"రెండు దిక్కులకెల్లి వెలుగు కొడుతది కొడుకా," అంది. ఎగతాళి కాదు, బేరం కాదు. మామూలుగానే అంది.

ముసలామెకు మతి తప్పిందనుకున్నాను. కిటికీకి ఒకటి కట్టి, రెండోది చుట్టి తలుపు వెనక పెట్టాను. ఆ రోజు గది చల్లగా, చీకటిగా అయింది. ఒళ్ళు మరిచి నిద్రపోయాను. కానీ మధ్యాహ్నం మూడున్నర ప్రాంతంలో మెలకువ వచ్చింది. మూసిన రెప్పల మీద ఎర్రటి వెలుగు. కళ్ళు తెరిస్తే చీకటి. మూస్తే మళ్ళీ ఎరుపు. పడమటి వైపు తిరిగితే పోయింది. తూర్పుకు తిరిగితే వచ్చింది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

ఇంటి యజమాని సాహెబును అడిగాను. ఆ గోడ అవతల ఆయన కందులు పోసుకునే కొట్టు. దీపం లేనిదే అడుగు వేయలేని చీకటి. "అరే భాయ్, గా గోడకు కిటికీ ఎక్కడిది? మా అబ్బా కట్టిచ్చిన ఇల్లు, నా కండ్ల ముందు లేసింది," అన్నాడు. గోడ రెండు వైపులా నేనే తట్టి చూశాను. అంతా గట్టి బండ.

నాలుగో రోజు లక్ష్మి రెండో తెర తీసి తూర్పు గోడకు బండల సందుల్లో రెండు మేకులు కొట్టి వేలాడదీసింది. ఆ రోజు సాయంత్రం ఆరింటికి ఆమె లేపితే లేచాను. ఆ తర్వాత తాండూరులో ఉన్నంతకాలం నేను డ్యూటీలో రెప్ప వాల్చలేదు.

రెండు వేసవులు గడిచాక వికారాబాదుకు బదిలీ అయింది. సామాను సర్దుతూ తెరలు దించాను. కిటికీ తెరకు వెనకున్న నీలం గుడ్డ ఎండకు వెలిసి తెల్లబడింది. అది సహజమే. గోడ తెరను తిప్పి చూసి అలాగే కింద కూర్చున్నాను. బండకు ఆనుకుని ఉన్న గుడ్డ కూడా అంతే వెలిసింది. అంచు కుట్టు విప్పి చూశాను. మడత లోపల గుడ్డ కొత్తదానిలా ముదురు నీలంగానే ఉంది. వెలిసిన చోట మధ్యలో అయిదు నిలువు గీతలు మాత్రం నీలంగా మిగిలాయి, కిటికీ ఊచల నీడ పడ్డట్టు. ఎండ కదులుతుంది కాబట్టి నీడా కదలాలి. ఈ నీడ రెండేళ్ళలో వెంట్రుకవాసి కదల్లేదు.

వికారాబాదులో బాలమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయి తెర ఆమె ముందు పరిచాను. ఆమె ఆ గీతలను చేత్తో నిమిరింది. అంచు దగ్గర ఆగి, "గిక్కడ కుట్టు జర వంకర వోయింది," అని నొచ్చుకుంది.

"అవ్వా, నీకెట్ల తెలిసింది?"

"నాకేం తెల్వది కొడుకా. కండ్లు మూస్తే అటుదిక్కు ఎర్రగ కొట్టింది. అందుకే అల్లిన." తెర చుడుతూ, "మంచిగ నిద్ర వట్టిందా?" అని అడిగింది.

పట్టిందన్నాను. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చేతులు జోడిస్తే, "ఇగ పో, డ్యూటీకి టైమయితది," అని నవ్వింది.

ఇంకో మచ్చ లేకుండా ఉద్యోగం చేసి దిగిపోయాను. నా చేతి మీదుగా ఎన్ని బండ్లు పోయాయో తెలియదు, అన్నీ క్షేమంగా పోయాయి. ఆ పుణ్యంలో సగం బాలమ్మది. ఆ వెలుగు ఏమిటో నాకు అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. దయ్యమని అనను. కాదని చెప్పే ధైర్యమూ లేదు. కానీ ఏ ఊరు పోయినా, ఏ ఇంట్లో పడుకున్నా, ముందు కళ్ళు మూసుకుని ఒక్కో గోడవైపూ తిరిగి చూసుకుంటాను.