నా థ్రెడ్లు, బాబాయి బిళ్ళలు

ఆ రోజుల్లో నేను మణుగూరులో ఒక గని ఆఫీసులో కాంట్రాక్టు కంప్యూటర్ ఆపరేటర్‌ని. ఏ కోర్సులోనూ చేరలేదు. నాకు సీ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పింది ఖమ్మం గ్రంథాలయం. సెలవు దొరికితే చాలు, బస్సెక్కేవాడిని. పై అరలోని లావుపాటి పుస్తకం కోసం స్టూలు అడిగితే లైబ్రేరియన్ నవ్వేవాడు.

"మళ్ళ అదేనా తమ్మీ? అందరు పోటీ పరీక్షలకు సదువుతుంటె నువ్వేంది దీన్ని పట్టుకున్నవ్?"

"మంచిగుంటది సార్" అనేవాణ్ణి. అంతకుమించి చెప్పడానికి నిజంగానే ఏమీ లేదు.

మా ఆఫీసు నుంచి లారీలు తూచే కాటా, దవాఖానా, బొగ్గు యార్డు, స్టోరు వంటి చోట్ల ఉన్న కంప్యూటర్లకు అడవి గుండా కేబుళ్ళు వెళ్ళేవి. ఏ లైను తెగినా, ఎవరో ఫోన్ చేసేదాకా మాకు తెలిసేది కాదు. అన్ని కంప్యూటర్లనూ పలకరిస్తూ, జవాబు రాని చోటును తెర మీద ఎర్రగా చూపించే ప్రోగ్రాం రాస్తానని మా ఇంజనీరుకు మాటిచ్చాను. సోమవారానికి అది నడవకపోతే హైదరాబాద్‌లో తయారుగా ఉన్నది కొంటామన్నారు. నేను రాసిందే ఆ తెర మీద నడవాలని నాకెంత ఆశో!

మొదట రాసిన ప్రోగ్రాం ఒక్కో కంప్యూటర్‌నే పలకరించేది. ఒకచోట జవాబు రాకపోతే అక్కడే నిలబడిపోయేది. ఆ లావు పుస్తకంలోనే థ్రెడ్ల సంగతి చదివాను. ప్రోగ్రాం ఒకటే, లోపల పనివాళ్ళు మాత్రం చాలామంది. అందరూ ఒకేసారి పనిచేస్తారు. బస్సులో ఇంటికొస్తూ దాన్నే తలుచుకుని మురిసిపోయాను. చోటుకొక థ్రెడ్ పెట్టి, శనివారం ఇంజనీరుకు చూపించాను. తెర నిండా స్టోరు, స్టోరు, స్టోరు. వేరే పేరే లేదు.

"ఏందయ్యా, మన గనిల స్టోరు తప్ప ఇంకేం లేదా? బొగ్గు సుత స్టోరులనే తవ్వుతున్నమా?" అన్నారాయన. గదంతా ఘొల్లుమంది.

మర్నాడు బాబాయికి టిఫిన్ డబ్బా తీసుకెళ్ళాను. ఆయన గని ల్యాంపు రూములో పనిచేసేవాడు. గనిలోకి దిగే ప్రతి కార్మికుడూ తన నంబరున్న బిళ్ళ ఇచ్చి, అదే నంబరున్న దీపం తీసుకుంటాడు. అప్పుడే ఒకతను ఒక్క బిళ్ళ పెట్టి రెండు దీపాలు అడుగుతున్నాడు.

"మావోడు ఎనకనే వస్తుండు. వానిది సుత ఇయ్యరాదే అన్నా!"

"ఎవని బిళ్ళ వాడే తేవాలె. నీ బిళ్ళకు వాని దీపమెట్ల ఇస్తరా?"

నేను పకపకా నవ్వేశాను.

"నేనీడ కొట్లాడుతుంటె నీకు నవ్వొస్తుందేందిరా?" బాబాయి గుడ్లురిమాడు.

"నా థ్రెడ్లకు బిళ్ళలు ఇయ్యలే బాబాయ్!"

"గాళ్ళెవరు? కొత్త కూలోళ్ళా?"

నేను చేసిన పొరపాటు అదే. ఒక్కో చోటుకున్న నంబరును ప్రోగ్రాంలోని ఒకే గడిలో మార్చి మార్చి రాస్తూ, థ్రెడ్లన్నిటినీ అక్కడే చూసుకోమన్నాను. అవి వచ్చి చూసేసరికి అందులో చివరగా రాసిన స్టోరు నంబరే మిగిలింది. టిఫిన్ డబ్బా అక్కడే వదిలేసి ఆఫీసుకు పరుగెత్తాను. ఒక్కో థ్రెడ్ చేతికి దాని నంబరే ఇచ్చి పంపాను. తెర మీద అన్ని పేర్లూ ఆకుపచ్చగా వరుస కట్టాయి.

సోమవారం ఇంజనీరు నా కుర్చీ వెనక నిలబడి చూస్తుండగానే దవాఖానా వరుస ఎర్రబడింది. అక్కడ కంప్యూటర్ చూసే అక్కకు నేనే ఫోన్ చేశాను.

"అక్కా, మీ లైను పోయింది."

"ఏం పోలే. పొద్దుగాల మంచిగనే ఉండె."

"ఒక్కసారి చూడుండ్రి."

అటువైపు కీబోర్డు టకటకలాడింది.

"ఓయమ్మో, అవ్, పోయింది! ఈడ కూసున్న నాకే తెల్వదు, ఆడున్న నీకెట్ల తెలిసిందయ్యా?"

"హైదరాబాదోళ్ళకు వద్దని చెప్తలే" అన్నారు ఇంజనీరు, నా భుజం తట్టి. లైను బాగుచేసేవాళ్ళు బండి తీశారు. దవాఖానా వరుస మళ్ళీ ఆకుపచ్చగా మారేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.