చదివాకే వేలిముద్ర

మా పెళ్ళయిన రెండో ఏడు జరిగిందిది. బందరులో మా అత్తవారింటి నుంచే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రోజంతా కంప్యూటరుకి అవే ఆదేశాలు టైపు చేయడానికి బద్ధకించి, వాటికి అలియాస్‌లని పొట్టి పేర్లు పెట్టుకున్నాను. అందులో ఒకటుంది: రెండక్షరాలు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, నేనున్న ఫోల్డరులోని ఫైళ్ళన్నీ తుడిచేస్తుంది. అలా పోయినవి తిరిగి రావు.

ఓ ఉదయం ఆఫీసు ఫైళ్ళు తీసేద్దామని అదే కొట్టాను. తీరా చూస్తే నేనున్నది ముందురోజు సర్దిన అత్తయ్యగారి పాటల ఫోల్డరు! చర్చిలో ఆవిడ పాడినవి. ఆవిడ పోయి అప్పటికి నాలుగు నెలలు. ఏడుస్తూనే మావయ్యగారికి చెప్పాను.

ఆయన దస్తావేజులు రాసి రిటైరైన మనిషి. పాటలన్నీ ఉన్న తన పాత ఫోను నా చేతిలో పెట్టారు.

“మళ్ళీ ఎక్కించుకో అమ్మా. అయినా ఏం తుడుస్తుందో ముందే నీకు చదివి వినిపించదా అది? మేం మొత్తం చదివి వినిపించకుండా ఎవరిచేతా వేలిముద్ర వేయించేవాళ్ళం కాదు” అన్నారు.

అలియాస్ వినిపించదు. ఫంక్షన్ అనే చిన్న ప్రోగ్రాముగా రాసినా లోపల ఏముందో కనిపించదు. అందుకే అబ్రివియేషన్ అనే మరో రకం పొట్టి పేరుగా మార్చాను. ఇప్పుడు రెండక్షరాలు కొట్టి స్పేస్ నొక్కగానే నేనున్న ఫోల్డరు పేరు పక్కనే ఆదేశం మొత్తం తెర మీద పరుచుకుంటుంది. రెండూ పైకే చదువుతాను.

“అంతా సరిగ్గా ఉందా అమ్మా?” అంటారు మావయ్యగారు పక్కగదిలోంచి.

“ఉందండీ.”

“అయితే వెయ్యి వేలిముద్ర.”

అప్పుడు నొక్కుతాను ఎంటర్.