అక్క పక్కటెముక

మా నాన్నకు మోకాళ్ల దగ్గర, మణికట్ల మీద ఎముక బొడిపెలుండేవి. నాయనమ్మ దృష్టిలో అవి మా ఇంటి గుర్తులు. క్రిస్మస్ ముందురోజు తలంటేటప్పుడు పిల్లలందరి ఒళ్లూ నూనె చేత్తో తడిమేది. బొడిపె తగిలితే "మావోడి పోలికే" అని మురిసిపోయేది. కాకిపిల్ల కాకికి ముద్దు మరి. తమ్ముడికి రెండు, అక్కకు నాలుగు. అక్కకున్న వాటిలో ఒకటి ఎడమ పక్కటెముక మీద, చింతగింజంత. నాకు ఒక్కటీ లేదు. అసూయపడ్డానంటే నవ్వుతారు గానీ, పడ్డాను.

నాయనమ్మ పోయాక నూనె గిన్నె నా చేతికొచ్చింది. అప్పుడు అండమాన్‌లోని బాంబూఫ్లాట్‌లో ఉండేవాళ్లం. అక్కకు పందొమ్మిదేళ్లు. చర్చిలో పాట ఎత్తుకోబోతే పక్కలో పోటు వస్తోందంది. వాయువు అనుకున్నాం. కొబ్బరినూనెలో కర్పూరం వేసి కాచి, సరిగ్గా ఆ బొడిపె మీదే బొటనవేలితో అదిమి రుద్దాను.

"ఒలే, బస్. ఇంక నొక్కకే. లోపలేటో గుచ్చుకుంతంది."

"ఓర్చుకోవే అక్కా. సాఫ్ అయిపోద్ది."

ఇంకొంచెం గట్టిగానే అదిమాను. ప్రేమతోనే చేశానని ఇప్పటికీ నాకు నేనే చెప్పుకుంటాను.

మర్నాడు పొద్దున్నకి ఊపిరందలేదు. పోర్ట్‌బ్లెయిర్ వెళ్లే ఫెర్రీలో నా భుజం మీద వాలి, గాలి కొద్దికొద్దిగా పీల్చుకుంటూ కూర్చుంది. ఆస్పత్రిలో పక్కలోకి గొట్టం వేస్తే సీసాలోకి రక్తం దిగింది. డాక్టరు ఎక్స్‌రే చూసి హిందీలో వివరించాడు. ఆ పెరుగుదల క్యాన్సర్ కాదట, చెడ్డదీ కాదట. కానీ లోపలి వైపు దానికి మొన ఉంది, అది ఊపిరితిత్తి పొరను గీరింది. మద్రాసు తీసుకెళ్లి కోయించాలన్నాడు. మాలిష్ వల్లేనా అని నేను అడగలేదు. అవునంటాడేమోనని భయం.

ఓడ ఇంకా నాలుగు రోజులకు వస్తుందనగా మళ్లీ లోపల రక్తం కారింది. అక్క ఓడ ఎక్కలేదు. మాలిష్ సంగతి అమ్మకు కూడా చెప్పలేదు. అక్క మాట మాత్రం నూనె వాసన తగిలినప్పుడల్లా వినబడుతూనే ఉంది.

మొన్న క్రిస్మస్ ముందురోజు తమ్ముడి మనవరాల్ని తెచ్చి నా ముందు కూర్చోబెట్టారు. నాలుగేళ్లది. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి తడిమి చెప్పాల్సింది నేనే. మోకాలి కింద ఒకటి తగిలింది. అందరూ సంబరపడ్డారు.

"పక్కలు కూడా సూడక్కా," అన్నాడు తమ్ముడు.

నా చెయ్యి దాని పక్కదాకా వెళ్లి ఆగిపోయింది.

"నేను ముట్టుకోను. ఎక్స్‌రే తీయించు," అన్నాను.

"అదేటక్కా? ఎందుకు?"

చేతులకు నూనె అలాగే ఉంది. అక్క బస్ అన్నాక కూడా నొక్కానని వాడికి చెప్పాను.