ఎన్నో డిగ్రీ అని అడిగితే

నిరుడు, మా పాపకు ఏడో నెలలో, తల ఒక పక్క వంకరగా ఉందేమోనని భయపడి హోసూరు నుంచి కృష్ణగిరిలోని ఒక క్లినిక్‌కు తీసుకెళ్లాను. మొక్కు తీరలేదు కాబట్టి పుట్టువెంట్రుకలు తీయకుండా పిలక బిగించి కట్టాను. స్కాన్ చేశాక తెర మీద బంతిలాంటి తల వచ్చింది. పిలక పక్కన పెద్ద గుంత కనిపించింది.

"సొట్ట పడిందమ్మా. తల సరయ్యేదానికి ఆరు నెలలు హెల్మెట్ ఏయాల. ఈడ సంతకం పెట్టు," అన్నాడు స్కాన్ చేసినాయన, నా వైపు చూడకుండానే.

పెన్ను అందుకున్నాను. అప్పుడు ఎమ్మెస్సీ లెక్కల పాఠం గుర్తొచ్చింది. గోళం మీది ఎగుడుదిగుళ్లను బహుపదులతో గీస్తారు. బహుపదిలోని అతి పెద్ద ఘాతమే దాని డిగ్రీ. అది తక్కువైతే పిలకలా మొనదేలిన చోటు పక్కన లేని గుంత పుడుతుంది. పెంచేకొద్దీ అసలు ఆకారం వస్తుంది.

"ఇది ఎన్నో డిగ్రీ అన్నా?"

"నేను డిగ్రీ ముగిచ్చి పదేండ్లాయె. నీకెందుకమ్మా అదంతా?"

"మీది కాదు, ఈ బొమ్మది."

"బొమ్మ యాడ చదివిందమ్మా?" అని పగలబడి నవ్వాడు.

సెట్టింగులు నేనే తెరిచాను. డిగ్రీ నాలుగు అని ఉంది. నలభై చేశాను. పిలక నిటారుగా నిలబడింది, గుంత మాయమైంది.

"మిషిను తప్పమ్మా," అన్నాడు.

మిషనుకేం, చెప్పినట్టే చేసింది. డిగ్రీ అంటే గోడకు తగిలించుకునే కాగితమనుకునే మనిషి నా బిడ్డ తలకు తీర్పు చెప్పాడు. లెక్కను నేను నమ్మాను, సంతకం పెట్టలేదు. అయినా పాప నిద్రపోయాక ఆ చోటు ఇప్పటికీ తడిమి చూస్తూనే ఉన్నాను.