కొడుకు వాకిట్లో కూర్చున్న మా అత్త

మా అత్త పోయిందన్న కబురు ఆత్మకూరులో, బస్సు కోసం నిలబడి ఉండగా తెలిసింది. మా పల్లె నుంచి వచ్చిన ఒకావిడ బస్సు దిగుతూనే, “నువ్వింకా ఈడే ఉండావా అమ్మే? మీ అత్త పోయింది గదా” అంది. నా చేతిలో ఆమె కోసం కొన్న మందు సీసా ఉంది. మూత తీయలేదు కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో అని ఆలోచించాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఈ రోజుకీ రాలేదు.

ఆడవాళ్ళ సంఘం నడిపేది కాబట్టి ఉదయగిరి చుట్టుపక్కల ఆడవాళ్ళకు ఆమె సంఘం అత్త. ఇది చదివే మగవాళ్ళలో కొందరి వాకిట్లోకి కూడా వచ్చే ఉంటుంది, వాళ్ళు చెప్పుకోరు, అంతే. ఎవడైనా పెళ్ళాన్ని కొట్టాడని తెలిస్తే చాలు, ఆడవాళ్ళను వెంటబెట్టుకుని బయలుదేరేది. కేకలూ శాపనార్థాలూ ఉండేవి కావు. ఎవరి చేట వాళ్ళు తెచ్చుకుని, వాడి గుమ్మం ముందు కూర్చుని జొన్నలు చెరిగేవారు. “పని మానుకోని పోతే మన పొయ్యెవురు ముట్టిస్తారే? పనే ఆడికి తీసకపోదాం” అనేది. ఇంక కొట్టనని వాడు అందరి ముందూ అనేదాకా లేచేవారు కాదు. ఎంత మొండివాడైనా ఆ పొట్టు దుమ్ములో ఎంతసేపని నిలబడతాడు?

మనిషి నోరు కొంచెం దురుసే. ఒంటి మీద దెబ్బలు పెట్టుకుని కింద పడ్డానని ఎవరైనా అంటే, ఆకూవక్కా ఒక బుగ్గకు నెట్టి, “పడినావా, పడేసినాడా?” అని అడిగేది. ఆ మొహం చూస్తూ అబద్ధం చెప్పడం కష్టం.

నన్నూ అడిగింది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిన ఏడు, ఆమె ఒక్కగానొక్క కొడుకు, అంటే నా భర్త, కూరలో ఉప్పెక్కువైందని నన్ను కొట్టాడు. నేను తల వంచుకున్నాను. ఆమె ఇంకేమీ అడక్కుండా బయటికి వెళ్ళిపోయింది. ఎంతైనా కన్నకొడుకు, నా గతి ఇంతే అనుకున్నాను. మధ్యాహ్నానికి ఆడవాళ్ళందరితో తిరిగొచ్చి, సొంత ఇంటి వాకిట్లో అందరికంటే ముందు కూర్చుంది.

“ఏందమా ఇది? నలుగుర్లో నన్ను నవ్వులపాలు చేస్తావా?” అన్నాడు.

ఆమె చెరగడం ఆపలేదు. “కొట్టేటప్పుడు లేని సిగ్గు ఇప్పుడేందిరా? ఇంక కొట్టనని చెప్పు, లేస్తాం.”

ఆ రోజు చెప్పలేదు. ఆమె లోపలికి రాలేదు, నేను అన్నం తెచ్చినా ముట్టలేదు. మర్నాడు పొద్దున గోడవైపు చూస్తూ చెప్పాడు. మళ్ళీ నా మీద చెయ్యెత్తలేదు. కన్నతల్లితో మాత్రం మాట మానేశాడు. ఒకే ఇంట్లో, ఏళ్ళ తరబడి. ఆమె వడ్డిస్తే తినేవాడు, పిలిస్తే పలికేవాడు కాదు.

నా వల్లే కదా అత్తా అని ఒకసారి ఏడ్చాను. “వాడు మాట్లాడకపోతే పోనీ. నువ్వు భయం లేకుండా తిరగతా ఉండావు, అది చాలు నాకు” అంది. అని, కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆమె ఏడవగా నేను చూసింది అదొక్కసారే. నా కన్నతల్లి కూడా నాకోసం అంత పోగొట్టుకోలేదు.

నేను ఇల్లు చేరేసరికి ఆమెను వాకిట్లో పడుకోబెట్టి ఉన్నారు. సంఘం ఆడవాళ్ళు చుట్టూ కూర్చున్నారు. నా భర్త తల దగ్గర నిలబడి, ఏం చేయాలో తెలియనట్టు చేతులు నలుపుకుంటున్నాడు. కాసేపటికి వంగి, “అమా” అన్నాడు. అందరం తలెత్తి చూశాం.

“అమా, ఏమన్నా తిన్నావా?” అని అడిగాడు.

అతను అలాగే వంగి, ఆమె మొహంలోకి చూస్తూ జవాబు కోసం ఆగాడు.

“పొద్దున కాసింత గంజి తాగింది” అని నేనే చెప్పాను.