పీత పద్ధతి

ఆ రోజుల్లో ఉక్కునగరం పిల్లలం పగటిపూట గట్టిగా మాట్లాడటం అంటే ఏమిటో తెలియకుండానే పెరిగాం. స్టీల్ ప్లాంటులో మూడు షిఫ్టులు. మా ఇంట్లో కాకపోతే పై ఇంట్లో, పై ఇంట్లో కాకపోతే పక్కింట్లో, ఎవరో ఒకరు నైట్ షిఫ్టు చేసొచ్చి పడుకునే ఉండేవారు. గోడకేసి బంతి కొట్టకూడదు, తలుపు దబ్బున వేయకూడదు, కుక్కర్ కూతకొచ్చే ముందే ఎవరో ఒకరు పరుగెత్తి స్టవ్ తగ్గించాలి. మా అమ్మ నన్ను తిట్టాలన్నా గుసగుసగానే తిట్టేది. (గట్టిగా తిట్టిన తిట్టు కంటే గుసగుసగా తిట్టింది ఎక్కువసేపు గుర్తుంటుందని నాకు అప్పుడే తెలిసింది.) ఇక కుంగ్‌ఫూ సినిమా అంటారా, అందులో సగం చప్పుడే. కేకలు, దెబ్బలు, బల్లలు విరగడం. అలాంటి సినిమాల్ని మేము ఒక వేసవంతా సౌండ్ సున్నాలో పెట్టి చూశాం. నేను ఆరితేరిన అబద్ధాలకోరునయ్యింది కూడా ఆ వేసవిలోనే.

తొమ్మిదో తరగతి పరీక్షలు అయిపోయాయి. మా జట్టులో ముగ్గురం. మొదటివాడు ప్లేయర్ బావ. మాకు చుట్టరికం ఏమీ లేదు. మా వైపు ఇద్దరు మగవాళ్లు అరగంట కలిసి తిరిగితే బావలైపోతారు. వాళ్లింట్లో సీడీ ప్లేయర్ ఉంది కాబట్టి ఆ బిరుదు. ఓడ మీద పనిచేసే వాళ్ల మేనమామ ఏ రేవులోనో కొని, చూసి చూసి విసుగెత్తి, సంచీడు చైనా సినిమాల సీడీలు వీళ్లింట్లో పడేసి వెళ్లాడు. రెండోవాడు తణుకోడు. వాళ్ల నాన్న ఉద్యోగానికని తణుకు నుంచి వచ్చి స్థిరపడ్డారు. వాడు పుట్టింది ఇక్కడే అయినా ఇంట్లో మాట గోదావరిదే కావడంతో, వెటకారం చేయాలనిపిస్తే చాలు, తోటివాళ్లని కూడా ‘గారు’, ‘అండి’ అని మర్యాదతో చంపేవాడు. మూడోవాణ్ణి నేను. నాకు కళ్లజోడు ఉంది. ఈ కథలో నా అర్హత అంతా అదే.

చైనా నటుల పేర్లు మాకు తెలియవు. అట్టల మీద ఉన్నవి చైనా అక్షరాలు, అవి మాకు ముగ్గు పిండితో వేసినట్టే ఉండేవి. అందుకని పేర్లు మేమే పెట్టుకున్నాం. సన్నగా పొడుగ్గా ఉన్నాయన కట్టెపుల్ల. అరిగిన చీపురు లాంటి గడ్డం ఉన్నాయన గురువు. సాయంత్రం షాపింగ్ సెంటర్ మెట్ల మీద కూర్చుని వీళ్ల గురించి కొట్టుకునేవాళ్లం. ప్లేయర్ బావ కట్టెపుల్ల భక్తుడు. ఆయన కాలు ఒకసారి లేస్తే నేల మీద ఆనకుండానే ముగ్గురి చెంపలు వాయించి వస్తుంది, మధ్యలో బొమ్మ ఎక్కడా తెగదు, కాబట్టి అవి నిజం తన్నులేనని బావ వాదన. నాది గురువు పక్షం. ఆయన ఒక చేత్తో టీ కప్పు పట్టుకుని, చుక్క ఒలకకుండా, రెండో చేతి రెండు వేళ్లతో ఎనిమిదిమందిని పడుకోబెడతాడు. కాలు ఎత్తడానికి వయసు చాలు, ఆ నిదానానికి సాధన కావాలని నేను (పద్నాలుగేళ్ల నేను) తల పంకించి చెప్పేవాణ్ణి. పులి పంజాని కొంగ ముక్కు ఓడిస్తుందా, కొంగ మీదకి పాము వస్తే ఎలా, తూలుతూ కొట్టే తాగుబోతు పద్ధతికి నిజంగా తాగాలా లేక తాగినట్టు నటిస్తే సరిపోతుందా అని వీధి దీపాలు వెలిగేదాకా తేల్చుకునేవాళ్లం. ఒక్కటీ తేలేది కాదు.

తణుకోడు మాత్రం ఏ హీరోనీ నమ్మేవాడు కాదు. దెబ్బ తగలగానే చొక్కా మీంచి దుమ్ము లేస్తుంది కదా, అది కాలు తగిలాక లేచిందా, తగలకముందే లేచిందా అని బొమ్మ ఆపి ఆపి చూసేవాడు. వాడి అభిమాన నటుడు ఎవరయ్యా అంటే, నీలం తలపాగా కట్టుకున్న ఒక అనామకుడు. సంచీలో ఉన్న ప్రతి సినిమాలోనూ ఉంటాడు, ప్రతి సినిమాలోనూ పోతాడు. ఒకదాంట్లోనైతే మూడుసార్లు పోయాడు: మెట్ల మీంచి దొర్లి ఒకసారి, బల్ల మీద వెల్లకిలా పడి ఒకసారి, నీళ్ల కుండీలో తలకిందులుగా ఒకసారి. తణుకోడు ఈ చావులన్నీ లెక్కపెట్టుకుని మురిసిపోయేవాడు. “కొట్టడం ఎవడైనా కొడతాడండి గురువుగారూ. పడటంలోనే ఉందండి విద్యంతా” అనేవాడు నాతో. అప్పట్లో నాకది వెటకారంలాగే వినిపించింది.

ఇక నా పని. ఆ సినిమాల్లో మాటలు చైనావి, కింద ఇంగ్లీషు అక్షరాలు పడేవి. బావ వాళ్ల టీవీలో బొమ్మ అడుగున కాస్త కోసుకుపోయేది కాబట్టి అక్షరాలకి పై సగాలే కనపడేవి. అవీ కనురెప్ప వేసేలోగా మాయం. కళ్లజోడు ఉన్నవాడు చదవగలడని వాళ్లు నమ్మారు, నేను కాదనలేదు. మొదటి సినిమాకి నిజాయితీగానే కష్టపడ్డాను, పదింటికి రెండు మాటలు అందేవి, మిగతా ఎనిమిదీ నేను పూడ్చేవాణ్ణి. మూడో సినిమాకొచ్చేసరికి కిందకి చూడటమే మానేశాను. పగలూ ప్రతీకారాలూ, గురువు శపథాలూ, కూతురి కన్నీళ్లూ అన్నీ నా నోట్లోంచే వచ్చేవి. అన్నీ గుసగుసగానే. ఎందుకంటే మాకు నాలుగడుగుల దూరంలో, పువ్వుల కర్టెన్ వెనక, బావ వాళ్ల నాన్న పడుకుని ఉండేవాడు. నేను మావయ్య అనేవాణ్ణి. ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర పని, ఎక్కువగా నైట్ షిఫ్టులే, భారీ మనిషి, ఎర్రటి కళ్లు, మాట తక్కువ. కళ్ల మీద తడి తువాలు వేసుకుని మధ్యాహ్నం దాకా కదలకుండా పడుకునేవాడు. ఆయన నిద్ర చెడితే ప్లేయర్ అటకెక్కుతుందని అత్తయ్య మొదటిరోజే చెప్పేసింది.

ఒకరోజు ఒక సినిమాలో గురువుకీ కట్టెపుల్లకీ పోరాటం. గురువు కిందపడి లేచాడు. లేచినవాడు నిటారుగా నిలబడకుండా, నడుం వంచి, చేతులు రెండు పక్కలకీ చాచి, అడ్డంగా గోడ దాకా చకచకా నడిచాడు. పులి కాదు, కొంగ కాదు, పాము అసలే కాదు. ఇద్దరూ నా వైపు తిరిగారు. అంతకుముందు ఆదివారమే అప్పికొండ బీచ్‌లో ఇసుక మీద అడ్డంగా పరుగెత్తే పీతల్ని చూసొచ్చాను. “పీత పద్ధతి” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. గురువు చేత ఒక మాట కూడా చెప్పించాను: “ముందుకొచ్చేవాణ్ణి ఆపొచ్చు. వెనక్కి పోయేవాణ్ణి తరమొచ్చు. పక్కకి పోయేవాణ్ణి ఏం చేస్తావు?” ప్లేయర్ బావకి ఒళ్లు గగుర్పొడిచింది. మర్నాటినుంచి పాల పాకెట్‌కి కూడా వీధిలో అడ్డంగానే వెళ్లివచ్చేవాడు. నేను తలెత్తుకుని తిరిగాను.

తణుకోడు రెండు రోజులు ఓపిక పట్టాడు. మూడోరోజు షాపింగ్ సెంటర్ మెట్ల మీద, చాలా మర్యాదగా మొదలుపెట్టాడు. “సినిమాలో గురువుగారికి నోరు రెండుసార్లే ఆడిందండి. మీరేమో అరనిమిషం చెప్పారు.” చైనా భాష అంతేనని, ఒక్క ముక్కలో పది మాటలు ఇమిడిపోతాయని ఏదో అన్నాను. సరే, అదే సీను మళ్లీ వేస్తాం, మళ్లీ చెప్పండి అన్నాడు. అవే మాటలు వస్తే వాడు జీవితంలో నన్ను అనుమానించడు. మారితే నేను ఇంక సినిమాకి రాకూడదు. ప్లేయర్ బావ కూడా ఒప్పుకున్నాడు. పీతలా నడిచి నడిచి వాడికి పిక్కలు పట్టేశాయి, ఊరికే నడిచానేమోనన్న బెంగ మొదలైంది. మా ఇంట్లో ప్లేయర్ లేదు, కొనే ఉద్దేశం మా నాన్నకి లేదు. అంటే నాకు పోయేది పరువొక్కటే కాదు, మిగిలిన వేసవి మొత్తం పోతుంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది. మళ్లీ ఆ సీను ముందు కూర్చునేదాకా నేనేం చెప్పానో గుర్తు చేసుకోవడానికే సరిపోయింది. అబద్ధంతో వచ్చిన చిక్కు అదే, చెప్పినవాడికే గుర్తుండదు.

మర్నాడు పదకొండు గంటలకి సీను వేశారు. గురువు పడ్డాడు, లేచాడు, వంగాడు. “పీత పట్టు పట్టిందంటే వదలదు. నేనూ అంతే” అన్నాను గుసగుసగా. అంటూనే అది కాదని నాకే తెలిసిపోయింది. తణుకోడు చేతులు కట్టుకుని చిన్నగా నవ్వాడు. అప్పుడు కర్టెన్ వెనకనుంచి ఒక గొంతు వినపడింది.

“అది కాదురా. మొన్న ఇలగ సెప్పలేదు నువ్వు. పక్కకి పోయేవోడ్ని ఏటి సేత్తావు అన్నాడు కదా ఆ ముసలోడు. ఇయాల మాట మార్చీసినాడేటి?”

ముగ్గురం బిగుసుకుపోయాం. ప్లేయర్ బావ కర్టెన్ వైపు తిరిగాడు. “నాన్నా, నువ్వు పడుకోలేదేటి?”

“పగలు నిద్దర ఎక్కడ పడతాదిరా. కళ్లు మూసుకునుంటాను, అంతే.”

ఆ మాట ఆయన మామూలుగానే అన్నాడు. కానీ నాకు మాత్రం ఎక్కడో కలుక్కుమంది. పుట్టిన దగ్గర్నుంచీ మేము బంతి కొట్టకుండా, తలుపు వేయకుండా కాపాడుకుంటూ వచ్చిన నిద్రలన్నీ ఇంతేనా అనిపించింది. మా నాన్న కూడా నైట్ షిఫ్టు చేసొచ్చిన రోజుల్లో ఇలాగే కళ్లు మూసుకుని, మా గుసగుసలన్నీ వింటూ పడుకునేవాడేమో. ఆ రోజు వరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు.

అంత బాధలోనూ నా కేసు మాత్రం వీగిపోయింది. సాక్షి చెప్పేశాడు. మాట మారింది. ప్లేయర్ బావ పిక్కలు తడుముకుంటూ గుమ్మం చూపించాడు, నేను చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాను. కర్టెన్ వెనక మంచం కిర్రుమంది.

“ఆడు ఎలిపోతే నాకెవుడు సెప్తాడు? ఆ ముసలోడు బతికినాడా, సచ్చిపోనాడా? ముందు అది సెప్పమను.”

“ఆడు అన్నీ సొంతంగా అల్లి సెప్తన్నాడు నాన్నా.”

“అల్లనీ. మాట మాత్రం మార్చకూడదు.”

కర్టెన్ ఇవతలికి వచ్చి చూడమని పిలిస్తే మావయ్య రానన్నాడు. కళ్లు తెరిస్తే మరి నిద్ర రాదట, వింటే చాలట. అలా నా శిక్ష రద్దయింది, కానీ ఇంకో శిక్ష పడింది. ఇకనుంచి ఏ అబద్ధం చెప్పినా అదే అబద్ధం చెప్పాలి. అందుకని ఒక లాంగ్ నోట్‌బుక్ తెప్పించి, నేను అల్లిన మాటలన్నీ రాసే పని తణుకోడికి అప్పజెప్పారు. దుమ్ము ఎప్పుడు లేచిందో పట్టుకునే వాడే నా అబద్ధాలకి రాయసకాడయ్యాడు. మధ్యలో మావయ్యకి ఎప్పుడైనా నిజంగానే నిద్ర పట్టేసేది. గురక వినపడగానే తణుకోడు పుస్తకంలో గీత గీసేవాడు, మర్నాడు అక్కడినుంచే మొదలు. గీత పడ్డ రోజు మాకు పండగలా ఉండేది. నేను పట్టుబడ్డ రోజు మెట్లు దిగుతూ తణుకోడు నా భుజం మీద చెయ్యేశాడు. “పడ్డారండి గురువుగారూ. కానీ బాగా పడ్డారు” అన్నాడు. నీలం తలపాగావాడి చావులన్నీ లెక్కపెట్టినవాడి నోట అంతకంటే పెద్ద మెప్పు ఉండదు.

ఇప్పుడు నేను అచ్యుతాపురంలో ఒక ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. నెలలో కొన్నాళ్లు నైట్. పగలు కళ్లు మూసుకుని ఉంటాను, అంతే. మొన్నామధ్య అలా కళ్లు మూసుకోలేక ఫోన్ తీస్తే ఆ సినిమా కనపడింది. శుభ్రమైన ప్రింటు, కింద అక్షరాలు పూర్తిగా ఉన్నాయి. గురువు పడ్డాడు, లేచాడు, వంగాడు. కింద రెండే మాటలు పడ్డాయి: “అబ్బా, నడుం!” పీత లేదు, పద్ధతి లేదు. ముసలాయనకి నడుం పట్టేసి గోడ పట్టుకుందామని వెళ్తున్నాడు. మా ముగ్గురికీ ఉన్న వాట్సాప్ గ్రూపులో పెట్టాను. తణుకోడినుంచి నిమిషంలో జవాబు వచ్చింది: “రెండుసార్లే ఆడింది నోరు. చెప్పానాండి?” ఇన్నేళ్లుగా వాడు ఈ వాక్యాన్ని జేబులో పెట్టుకుని తిరుగుతున్నట్టుంది.

మావయ్యకి మాత్రం స్వయంగా చెప్పాలనిపించింది. రిటైరయ్యాక సబ్బవరం దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు, ప్లేయర్ బావా వాళ్లూ అందరూ అక్కడే ఉంటారు. అక్కడికి వెళ్లి ఫోన్ చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని, ఆ సినిమాని మొదటిసారి కళ్లతో చూశాడు. “ఈడేనేటి గురువు? ఇంత పొట్టిగున్నాడు” అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు. సీను వచ్చింది. నేను ధైర్యం చేసి, నడుం పట్టేసిందంటున్నాడు మావయ్యా, ఆ పీత పద్ధతి నేను కల్పించిందే అని చెప్పేశాను.

“ఆ కింద రాసినోడికి తెలిసుండదు” అన్నాడు. కళ్లజోడు తీసి, ఫోన్ బోర్లా పెట్టి, వెనక్కి వాలి, తువాలు కళ్ల మీద వేసుకున్నాడు. “సెప్పు.”

ఆ ఇంట్లో ఎవరూ పడుకుని లేరు. పెరట్లో బోరు మోటారు మోగుతోంది, ప్లేయర్ బావ దాన్ని మించి గట్టిగా పాడుకుంటున్నాడు. అయినా నాకు గొంతు పైకి రాలేదు. గుసగుసగానే మొదలుపెట్టాను. ముందుకొచ్చేవాణ్ణి ఆపొచ్చు, వెనక్కి పోయేవాణ్ణి తరమొచ్చు. ఈసారి ఒక్క మాట కూడా మారలేదు. గురువు గోడ దాకా చేరేలోపే గురక వినపడింది. గీత గీయడానికి తణుకోడు పక్కన లేడు కాబట్టి, ఎక్కడ ఆగామో ఫోన్‌లో నేనే రాసుకున్నాను.