గంట కొట్టే ఉద్యోగం

కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో మనిషికి తన మీద తనకు ఉండే గౌరవం మళ్ళీ జన్మలో ఉండదనుకుంటాను. హజీరాలో ఒక పెద్ద ఫ్యాక్టరీలో ట్రైనీ ఇంజనీరుగా చేరి సూరత్‌లో దిగినప్పుడు నా పరిస్థితీ అదే. మెడలో కంపెనీ కార్డు వేలాడేసుకుని (ఆదివారం కూరగాయలకు వెళ్ళేటప్పుడు కూడా తీసేదాన్ని కాదు) ఈ ఊరంతా నా కోసమే ఎదురుచూస్తోందన్నట్టు నడిచేదాన్ని. తీరా చూస్తే నా కోసం ఎదురుచూసింది పీజీలో బెల్లం వేసిన పప్పు. నా గదిలో ఉండే ఇద్దరమ్మాయిలూ మంచివాళ్ళే, కానీ వాళ్ళతో ఎంత మాట్లాడినా నాకు మాట్లాడినట్టుండేది కాదు. హిందీలో నాకు కోపమూ వచ్చేది కాదు, జోకూ వచ్చేది కాదు. ఏ మాట ఆడో ఏ మాట మగో సరిచూసుకుని వాక్యం పూర్తిచేసేసరికి రెండూ చల్లారిపోయేవి.

అలాంటి రోజుల్లో ఒకసారి క్యాంటీన్లో మా అమ్మతో ఫోన్లో పోట్లాడుతుంటే, పక్క టేబుల్ మీదున్న పెద్దాయన నా పోట్లాట అయ్యేదాకా మర్యాదగా ఆగి, "ఏ ఊరమ్మా మనది?" అని అడిగారు. ఆయన వేరే విభాగంలో మేనేజరు. సూరత్‌లోనే అడాజన్ పేటలో ఉన్న తమ ఫ్లాట్‌లో ఆదివారాలు తెలుగు పుస్తకాల క్లబ్బు నడుపుతున్నామనీ, నెలకో పుస్తకం చదివి చర్చించుకుంటామనీ, నన్నూ రమ్మనీ చెప్పారు. ఆయన్ని అందరూ అధ్యక్షులవారు అనేవాళ్ళు. ఎవరూ ఎన్నుకోలేదు, అందరూ పట్టే సోఫా వాళ్ళింట్లోనే ఉండేది, అంతే. నేను ఆ నెల పుస్తకాన్ని పరీక్షకు చదివినట్టు చదివి, నాలుగు మంచి మాటలు కూడా తయారుచేసుకుని వెళ్ళాను.

ఆ రోజు పుస్తకం గురించి జరిగిన చర్చ మొత్తం ఇదీ: "అందరూ చదివారా?" "చదివాం." తర్వాత హజీరా దారిలోని ఇచ్ఛాపూర్ నుంచి వచ్చే అక్కయ్య (వాళ్ళాయన అక్కడి ఫ్యాక్టరీలో పనిచేసేవారు, ఆవిడ మాత్రం మనసంతా టీవీ సీరియళ్ళలోనే కాపురం పెట్టింది) ఒక సీరియల్లో కోడలికి రెండోసారి మతిమరుపు వచ్చిన సంగతి ఎత్తుకుంది. మొదటిసారి మతిమరుపు వచ్చిన సంగతే ఆ కోడలు మర్చిపోయిందట. డిండోలి పేటలో ఉండే అన్నయ్య (అందరికీ డిండోలి అన్న) దాన్ని అందుకుని, సినిమాహాల్లో తన వెనక కూర్చున్న మనిషి ప్రతి సీనూ ముందే చెప్పేసి పాప్‌కార్న్ తినడం గురించి చెప్పాడు. తాత కాలంలో కరీంనగర్ వైపు నుంచి మగ్గాల పనికి వచ్చిన కుటుంబం వాళ్ళది. తను పుట్టింది ఇక్కడే, మిల్లులో సూపర్‌వైజరు, తెలుగు చదవడం పెద్దయ్యాక పట్టుబట్టి నేర్చుకున్నాడు. అక్కడి నుంచి మాటలు పై ఫ్లాట్‌లో మంచాలు ఈడ్చేవాళ్ళ మీదికీ, తెల్లారకుండానే ఫోన్లో శుభోదయం పువ్వులు పంపే బంధువుల మీదికీ, వానాకాలం ఆరని బట్టల మీదికీ వెళ్ళాయి. మధ్యలో అధ్యక్షులవారి భార్య (నేను పిన్నిగారనేదాన్ని) వేడివేడి లోచో పళ్ళేలు తెచ్చింది. శనగపిండితో ఆవిరి మీద చేసే ఈ సూరత్ ఫలహారం చూడటానికి ఏదో పాడైపోయిన వంటకంలా ఉంటుంది, తింటే వదలబుద్ధి కాదు. మా క్లబ్బూ అచ్చం అంతే. నా నాలుగు మంచి మాటలూ తిరిగి పీజీకి తెచ్చుకున్నాను. కానీ ఆ రాత్రి చాలా రోజుల తర్వాత నిండుగా నిద్రపోయాను. వారమంతా కడుపులో పేరుకున్న తెలుగు ఆ రెండు గంటల్లో ఖాళీ అయిపోయింది మరి.

ఇలా ఏడాది హాయిగా గడిచింది. ఇంతలో అధ్యక్షులవారికి కాలేజీలో తెలుగు చెప్పిన మాస్టారు ద్వారక యాత్రకు వెళుతూ ఒక ఆదివారం సూరత్‌లో దిగుతానని ఫోన్ చేశారు. ఆయనంటే అధ్యక్షులవారికి దేవుడితో సమానం. ఆ భక్తిలో నోరుజారి, మా క్లబ్బులో ప్రతివారం లోతైన సాహిత్య చర్చ జరుగుతుందని చెప్పేశారు. ఆయన సంతోషించి, "అయితే నేనూ ఒక మూల కూర్చుని వింటానయ్యా" అన్నారట.

మాస్టారు రావడానికి ముందు ఆదివారం అధ్యక్షులవారు సోఫాలో కూర్చోలేదు. నిలబడి మాట్లాడారు. ఇటుకంత నవల ఒకటి ముందే ఇచ్చి ఉన్నారు. దానిలో కథ అల్లిక గురించి నేనూ, భాష గురించి డిండోలి అన్నా, ఆడపాత్రల గురించి అక్కయ్యా మాట్లాడాలని పంచారు. ఒక్క ముక్క కూడా పక్కదారి పట్టకూడదన్నారు. వచ్చే ఆదివారం కూడా ఎప్పటిలాగే జరిగితే క్లబ్బు మూసేస్తాననీ, మాస్టారి ముందు పరువు పోయాక పుస్తకం పట్టుకునే మొహం తనకుండదనీ అన్నారు. ఆయన గొంతు వింటే అది ఉత్తుత్తి బెదిరింపు కాదని తెలిసిపోయింది. ఆ రెండు గంటలూ పోతే ఇక నాకు మిగిలేది ఫోన్లో అమ్మా, పీజీలో పప్పూ. తర్వాత ఆయన పూజగదిలోకి వెళ్ళి చిన్న ఇత్తడి గంట తెచ్చి నా చేతిలో పెట్టారు. ఎవరు విషయం తప్పినా మొహమాటపడకుండా కొట్టమన్నారు. నన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, అందరికంటే చిన్నదాన్ననీ, పెద్దల మాట జవదాటననీ. నేనేమో నా సామర్థ్యం చూసి ఇచ్చారనుకున్నాను. గంట మళ్ళీ పూజగదిలో పెట్టేశారు కాబట్టి, పీజీలో స్టీలు గ్లాసూ చెంచాతో సాధన కూడా చేశాను. నా గదిలో ఉండే భావనగర్ అమ్మాయి నాకు భక్తి ముదిరిందనుకుంది.

ఆ ఆదివారం మధ్యాహ్నం మాస్టారు వచ్చారు. సన్నగా, ఇస్త్రీ చొక్కాతో, కుర్చీ అంచున కూర్చున్నారు. అక్కయ్య పట్టుచీర కట్టుకుంది. డిండోలి అన్న తన భాషను వారమంతా ఉతికి ఆరేసినట్టున్నాడు, "నమస్కారమండీ, ప్రయాణం సుఖంగా జరిగినదా అండీ" అన్నాడు. ఆ "జరిగినదా" విని నేనూ అక్కయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా ఉండటానికి చాలా కష్టపడ్డాం. అధ్యక్షులవారు సైగ చేశారు. నేను లేచి, గొంతు సవరించుకుని, "ఈ నవలలో కథను మూడు తరాల మీదుగా..." అన్నాను. అంతే. పై ఫ్లాట్‌లో ఎవరో మంచాన్ని ఈ గోడ నుంచి ఆ గోడకు ఈడ్చారు.

మాస్టారు తల పైకెత్తారు. "పైన ఎవరుంటారమ్మా?" అని అడిగారు.

అడిగింది మాస్టారు కాబట్టి జవాబు చెప్పాలి. చెప్పాను. విజయవాడలో తమ పై వాటాలోనూ ఇంతేననీ, సరిగ్గా తాను మధ్యాహ్నం నడుం వాల్చగానే గోళీలు దొర్లిన చప్పుడు వస్తుందనీ, ఒకరోజు ఉండబట్టలేక పైకెళ్ళి చూస్తే ఆ ఇంట్లో పిల్లలే లేరనీ ఆయన చెప్పారు. మరి గోళీలు ఎవరు ఆడుతున్నట్టు? ఈ ప్రశ్నకు డిండోలి అన్న ఉతికిన భాష ఊడిపోయింది. "అదేంది సార్, మా బిల్డింగ్‌ల గూడ గిదే లొల్లి. గోళీల సప్పుడే. మేమైతే పైపులల్ల గాలి అనుకున్నం" అన్నాడు. మాస్టారు కుర్చీ అంచు నుంచి వెనక్కి జరిగి హాయిగా ఆనుకున్నారు. గాలా, ఎలకలా అని ఇద్దరూ వాదనలో పడ్డారు.

అధ్యక్షులవారు నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను. డిండోలి అన్న మీద గంట కొట్టడం వేరు, దేవుడితో సమానమైన మనిషి మీద కొట్టడం వేరు. రెండోసారి కనుబొమ్మలు ఎగరేశారు. మూడోసారి ఆయన మొహంలో క్లబ్బు మూసేసిన తాళంకప్ప కనిపించింది. కళ్ళు మూసుకుని గంట కొట్టాను. వారం రోజుల సాధన కదా, ఇల్లంతా ఖంగుమంది.

మాస్టారు ఠక్కున లేచి నిలబడి, కళ్ళు మూసుకుని చేతులు జోడించారు. పెద్దాయన నిలబడితే మేం కూర్చోలేం కదా, అందరం లేచి చేతులు జోడించాం. వంటింట్లో ఉన్న పిన్నిగారు గంట విని, మగవాళ్ళెవరో పూజ చేస్తున్నారనుకుని, కర్పూరం వెలిగించి పళ్ళెంతో పరిగెత్తుకొచ్చింది. వచ్చి చూస్తే దేవుడు లేడు, మేమున్నాం. ఆవిడ ఏమీ అడగలేదు. వెలిగించినది వృథా కాకూడదని అందరికీ హారతి చూపించి వెళ్ళిపోయింది.

మళ్ళీ కూర్చున్నాం. నేను "మూడు తరాల మీదుగా" దగ్గర్నుంచి అందుకున్నాను. నవలలో ఒక ముసలావిడకు మతి తప్పే ఘట్టం ఉంది. ఆ మాట నా నోట్లోంచి రావడమే ఆలస్యం, అక్కయ్య పెదవులు వణికాయి. పాపం, ఆవిడ తనను తాను చాలా బిగబట్టుకుంది. కానీ మాస్టారే నిట్టూర్చి, "మతిమరుపంటే గుర్తొచ్చింది, రాత్రి ఏడున్నరకు వచ్చే ఆ సీరియల్లో కోడలికి..." అన్నారు. అక్కయ్య పట్టుచీర సర్దుకోవడం కూడా మరిచిపోయి కుర్చీ ఆయన దగ్గరికి లాక్కుంది. రైల్లో సిగ్నల్ దొరక్క ఆయన రెండు రోజుల కథ పోగొట్టుకున్నారట. ఆ రెండు రోజులదీ అక్కయ్య సంభాషణలతో సహా అప్పజెప్పింది.

అధ్యక్షులవారు ఈసారి కనుబొమ్మలు కాదు, చెయ్యే ఊపారు. గంట కొట్టాను. మాస్టారు మళ్ళీ లేచి చేతులు జోడించబోయి, సగంలో ఆగి, "మీ ఇంట్లో ఇన్నిసార్లు హారతిస్తారా నాయనా?" అని అడిగారు. అక్కయ్యకు అబద్ధం చెప్పడం రాదు. ఆ గంట పూజకు కాదనీ, పుస్తకం వదిలి పక్క కబుర్లు చెప్పేవాళ్ళను ఆపడానికనీ, అసలు మాకెప్పుడూ అవే తప్ప వేరే కబుర్లు రావనీ, పాపం అధ్యక్షులవారి పరువు కోసం వారం నుంచి అవస్థ పడుతున్నామనీ మొత్తం చెప్పేసింది.

అధ్యక్షులవారి మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను గంటను చున్నీ కింద దాచాను. దాస్తే జరిగింది జరగనట్టవుతుందని కాబోలు.

మాస్టారు అధ్యక్షులవారి వైపు తిరిగారు. నెమ్మదిగా అన్నారు. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ పుస్తకాల గురించే మాట్లాడానయ్యా. దిగిపోయాక కూడా, ఎవరింటికెళ్ళినా నా ముందు మైకు పెట్టినట్టే చూస్తారు. నాకూ దోమలు కుడతాయి, మా ఇంట్లోనూ కరెంటు పోతుంది. అవి చెప్పుకుందామంటే ఒక్కడు దొరకడు. నోరు తెరిస్తే నీతివాక్యం వస్తుందని కాచుక్కూర్చుంటారు. ఇన్నాళ్ళకు ఇక్కడ మనిషిలా కూర్చున్నాను. అందులోనూ గంట కొడితే ఎలా?"

పైవాళ్ళు కూడా మంచం ఈడ్చడం ఆపారు. అధ్యక్షులవారు తల దించుకుని వేళ్ళు విరుచుకున్నారు. ఏడుస్తారేమోనని భయపడ్డాను. చివరికి చాలా చిన్న గొంతుతో, "సార్, పావురాలు" అన్నారు.

ఏడాదిగా మా అందరి కబుర్లూ విని, విసుక్కుని, తన బాధ మాత్రం అధ్యక్ష హోదాలో మింగేసిన మనిషి ఆయన. అది ఇప్పుడు కట్ట తెగింది. ఏసీ బయటి పెట్టె మీద పావురాలు గూడు పెట్టాయి. మెరిసే కాగితాలు కట్టారు, వాటిని గూటిలోకి లాక్కుపోయాయి. వల కట్టించారు, లోపల చిక్కుకున్నవి బయటికి పోలేక అక్కడే స్థిరపడ్డాయి. చివరికి బజారు నుంచి ప్లాస్టిక్ గుడ్లగూబ తెచ్చి నిలబెడితే, ఒక పావురం దాన్ని ఆనుకుని గుడ్లు పెట్టింది. తీసేద్దామంటే, పురుటిగదిలో చెయ్యి పెడతారా అని పిన్నిగారు అడ్డుపడింది. ఆ ఎండాకాలమంతా ఏసీ వేసుకోలేదు. "నా ఇంట్లో నేను చెమటతో పడుకుంటే, అవతల అవి గుడ్లగూబ నీడన పిల్లల్ని పెంచుకుంటున్నాయి సార్" అన్నారాయన. మాస్టారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంతగా నవ్వారు. అక్కయ్య అయితే పట్టుచీర కొంగు నోట్లో కుక్కుకుంది. అధ్యక్షులవారు మొదట చిన్నబుచ్చుకుని, తర్వాత తనూ నవ్వారు. ఆయన పళ్ళు ఎలా ఉంటాయో మేం చూడటం అదే మొదటిసారి. క్లబ్బు మూసే సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాతా ఎత్తలేదు.

సాయంత్రం మాస్టారిని రైలెక్కించడానికి అధ్యక్షులవారి కారులో నేనూ వెళ్ళాను. స్టేషన్ దగ్గర కారు నిలపడానికి చోటు లేక, ఆయన మమ్మల్ని దింపేసి వెతుక్కుంటూ వెళ్ళారు. మాస్టారి సంచీ పట్టుకుని నేను ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. ఆయన ఉన్నట్టుండి నా వైపు తిరిగారు.

"అన్నట్టు అమ్మాయ్, ఆ నవల నీకెలా అనిపించింది? నువ్వు మొదలుపెట్టావు, నేనే అడ్డొచ్చాను."

ఏడాది పాటు ఆ క్లబ్బులో నన్ను ఎవరూ అడగని ప్రశ్న అది. కథ అల్లికా, మూడు తరాలూ అన్నీ కంఠస్థం చేసి పెట్టుకున్నదాన్ని, ఒక్కటీ గుర్తురాలేదు. "మధ్యలో బోరు కొట్టిందండీ" అన్నాను. అనేశాక నాలుక కరుచుకున్నాను.

"నాకూనూ. ఎక్కడ?" అన్నారాయన, చాలా ఆసక్తిగా.

పెద్దకోడలు పుట్టింటికి వెళ్ళిపోయిన దగ్గర్నుంచీ అన్నాను. అవునన్నారు. కానీ ఆవిడ వెళ్ళేముందు వాకిట్లో ఆరేసిన మిరపకాయల్ని ఎండ తగిలేలా తిరగేసి వెళుతుందే, అక్కడ మాత్రం నాకు ఏడుపొచ్చిందన్నాను. ఎందుకొచ్చిందని అడిగారు. ఎందుకో నాకు అప్పుడే, అడిగిన తర్వాతే తట్టింది. చేతులు ఊపుతూ "ఎందుకంటేనండీ, ఇంక ఎవరి కోసం..." అని మొదలుపెట్టాను. ఇంతలో అధ్యక్షులవారు రొప్పుకుంటూ వచ్చి, ఈ ఊళ్ళో కారు పెట్టడం కంటే కారు అమ్మేయడం తేలికని గొడవ అందుకున్నారు. మాస్టారు ఆనందంగా అటు తిరిగారు. ఇద్దరూ విజయవాడ స్టేషన్ ఘోరమా, సూరత్ స్టేషన్ ఘోరమా అని తేల్చుకునేలోపు రైలొచ్చింది.

ఆ మిరపకాయల దగ్గర నాకు ఏడుపెందుకొచ్చిందో ఇప్పుడు ఎంత ఆలోచించినా గుర్తురావడం లేదు. కానీ ఆ సాయంత్రం, ఆ రద్దీలో, ఇద్దరు పెద్దమనుషుల పక్కన చెయ్యి గాల్లో అలాగే ఉంచుకుని, తన వంతు మళ్ళీ వస్తుందని నోరు తెరిచి ఎదురుచూస్తున్న ఆ అమ్మాయి మాత్రం కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది. రైలు కదిలింది, ఆయన కిటికీలోంచి చెయ్యూపారు, ఆ అమ్మాయి గాల్లో ఉన్న చేత్తోనే తిరిగి ఊపింది.